పెబుల్ బీచ్‌లో ఒక్క రౌండుకి రెండు వేల డాలర్లు: దండగా, కాదా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. బే ఏరియాలో ఉంటున్నారు, మూడేళ్ళుగా గోల్ఫ్ ఆడుతున్నారు, హ్యాండిక్యాప్ 24. మీ నలభయ్యో పుట్టినరోజుకి నలుగురు స్నేహితులూ కలిసి కాలిఫోర్నియా తీరంలో ఉన్న పేరుమోసిన గోల్ఫ్ కోర్సు పెబుల్ బీచ్ వెళ్దామంటున్నారు. బసతో కలిపి తలకి 2,000 డాలర్లు దాటేలా ఉంది. మీ ఆవిడేమో "ఆ డబ్బుతో ఇండియా వెళ్ళి రావచ్చు" అంటున్నారు. ఇలాంటి ఖరీదైన కోర్సుల్లో ఆడటం నిజంగా అంత విలువైనదా, లేక పేరుకి కట్టే డబ్బేనా అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. పెబుల్ బీచ్ ఒక్కసారి ఆడండి, దండగ కాదు. ఖరీదైన కోర్సుల జాబితా ఒకటి రాసుకుని వరసగా ఆడుకుంటూ పోవడం మాత్రం దండగే. ఇంకో మాట, మీరు చెప్పిన 2,000లో సగానికి పైగా హోటల్ ఖర్చే. దాన్ని ఎలా తప్పించుకోవచ్చో కింద రాశాను.

నేను కోచ్‌ని కాను, గొప్ప ఆటగాణ్ణీ కాను. పంతొమ్మిదేళ్ళ కిందట ఆఫీసులో పక్క సీటు అతను తన పాత సెట్టు నాకు 120 డాలర్లకి అంటగట్టాడు. దానితో సన్నీవేల్ మునిసిపల్ కోర్సులో మొదలుపెట్టాను. హ్యాండిక్యాప్ ఒకప్పుడు 11 దాకా దిగింది, మోకాలు మొరాయించాక మళ్ళీ 15కి ఎక్కింది. (ఆట తెలియనివాళ్ళు ఎవరైనా చదువుతుంటే: హ్యాండిక్యాప్ ఎంత తక్కువైతే ఆట అంత మెరుగు. ఒక కోర్సుని మంచి ఆటగాడు ఎన్ని దెబ్బల్లో ముగించాలో ఆ లెక్క పార్. 24 అంటే పార్ 72 కోర్సులో బాగా ఆడిన రోజున 96 దెబ్బల దగ్గర తేలతారని.) ఈ పంతొమ్మిదేళ్ళలో పేరున్న కోర్సుల మీద ఎంత తగలేశానో మా ఇంట్లో ఇప్పటికీ పూర్తి లెక్క చెప్పలేదు. ఆ అర్హతతోనే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

ఎవరు అడిగినా నేను చెప్పే పరీక్ష ఒకటుంది. కళ్ళు మూసుకోండి. ఆ కోర్సులోని పద్దెనిమిది హోల్స్‌లో (మొదటి దెబ్బ కొట్టే చోటు నుంచి కప్పు దాకా ఒక్కో హోల్) కనీసం మూడు మీకు కనిపిస్తున్నాయా? టీవీలో చూసినవైనా, వీడియో గేములో ఆడినవైనా సరే. పెబుల్ అనగానే ఏడో హోల్ బుల్లి గ్రీన్ (కప్పు ఉండే నున్నటి గడ్డి చోటు), దాని వెనక బండల మీద విరిగే అలలు, పద్దెనిమిదో హోల్ ఎడమ పక్కన పొడుగునా సముద్రం కళ్ళ ముందుకొస్తే, అక్కడ నిలబడటానికి మీరు ఎప్పుడో బయానా ఇచ్చుకున్నట్టే. వెళ్ళి ఆడండి. పేరూ, రేటూ, క్లబ్‌హౌస్ ముందు ఫౌంటెన్ ఫోటో తప్ప ఇంకేమీ తట్టకపోతే, ఎంత గొప్ప కోర్సయినా మీకు అక్కర్లేదు.

అసలు అంత రేటు దేనికి?

గడ్డి బాగుంటుంది కాబట్టి ఖరీదు అని చాలామంది అనుకుంటారు. గడ్డికి ఒక హద్దు ఉంది. నా అనుభవంలో బే ఏరియాలో 100, 150 డాలర్లు పెడితే చక్కటి ఫెయిర్‌వేలు (గ్రీన్ దాకా కత్తిరించిన గడ్డి దారులు), నున్నటి గ్రీన్లు దొరుకుతాయి. ఆ పైన మీరు కట్టేది గడ్డికి కాదు, చోటుకి. లెక్క వేసి చూడండి. పది నిమిషాలకి ఒక గ్రూపు చొప్పున, గ్రూపుకి నలుగురు. అంటే గంటకి 24 మంది. ఆఖరి గ్రూపు కూడా చీకటి పడేలోగా ఆట ముగించాలి కాబట్టి, ఎనిమిది గంటల పాటు ఆపకుండా పంపించినా రోజుకి 192 మంది. ఇంకో షో వేద్దామంటే ఇది సినిమా హాలు కాదు, సముద్రపు ఒడ్డుని పొడిగించనూ లేరు. ఆ 192 చోట్ల కోసం ప్రపంచం నలుమూలల నుంచీ ఎగబడుతుంటే రేటు పెరగక ఏం చేస్తుంది? నేను మొదటిసారి ఆడిన 2014లో పెబుల్ గ్రీన్ ఫీజు 495 డాలర్లు. 2024కి 675 అయింది. గడ్డి అదే గడ్డి.

దానికి తోడు క్యాడీ (బ్యాగు మోస్తూ సలహా చెప్పే మనిషి), టిప్పు, కార్టు, బస, తిండి. చివరికి తడిసి మోపెడవుతుంది. రిసార్టులో కనీసం రెండు రాత్రులు బస చేస్తేనే ముందుగా టీ టైమ్ (ఆట మొదలుపెట్టే వేళ) ఇస్తారు. అక్కడ గది ఒక రాత్రికి వెయ్యి డాలర్లకి అటూ ఇటూ ఉంటుంది. మీ 2,000 లెక్క అక్కడి నుంచి వచ్చిందే.

నేను ఆడిన రోజు

బస చేయనివాళ్ళు కూడా పెబుల్‌లో ఆడవచ్చు. కాకపోతే 24 గంటల ముందు ఫోన్ చేసి, ఖాళీ ఉంటే తీసుకోవాలి. నలుగురికి ఒకేసారి దొరకడం కష్టం. ఒక్కడికి మాత్రం తరచుగా దొరుకుతుంది, ముగ్గురు వచ్చిన గ్రూపులో నాలుగో చోటు ఖాళీగా ఉంటుంది కాబట్టి. 2014 నవంబరులో మూడు వారాల పాటు ప్రతి బుధవారం ఫోన్ చేశాను. మూడో బుధవారం, మర్నాడు ఉదయం పదకొండుకి ఒక చోటు ఉందన్నారు. మేనేజరుకి ఒంట్లో బాగాలేదని మెయిల్ పెట్టాను. (ఆయనకీ గోల్ఫ్ పిచ్చి ఉంది. శుక్రవారం నన్ను చూడగానే "స్కోరెంత?" అన్నాడు.)

ఒహాయో నుంచి వచ్చిన రిటైరైన దంపతులు, వాళ్ళబ్బాయి. వాళ్ళతో నేను. అక్కడ మొదటి టీ, అంటే ఆట మొదలుపెట్టే చోటు, దుకాణాల పక్కనే ఉంటుంది. ఆడటానికి రాని పర్యాటకులు కూడా కాఫీ కప్పులతో నిలబడి చూస్తుంటారు. ఆ టెన్షన్‌లో నా మొదటి బంతి కుడి పక్క చెట్లలోకి పోయింది. రెండోదీ అంతే. మూడు హోల్స్ అయ్యేసరికి చేతులు కాస్త కుదుటపడ్డాయి, నాలుగో హోల్ నుంచి సముద్రం పక్కకి వచ్చేసింది. అక్కడి నుంచి పదో హోల్ దాకా నేను ఇంకెక్కడా చూడలేదు అలాంటిది. ఎనిమిదో హోల్‌లో రెండో షాటు కొండ అంచు నుంచి, కింద అలలు కొట్టే సందు మీదుగా, అవతలి ఒడ్డున ఉన్న గ్రీన్‌కి కొట్టాలి. గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లస్ తనకి గోల్ఫ్ మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన రెండో షాటు ఇదే అని చెప్పుకున్నాడు. నా బంతి సందులోకి పోయింది. ఇంకోటి పెట్టాను, అదీ పోయింది. మూడోది దాటింది. అది దాటినప్పుడు ఒహాయో ఆవిడ చప్పట్లు కొట్టింది. నా గోల్ఫ్ జీవితంలో అపరిచితులు చప్పట్లు కొట్టిన షాటు అదొక్కటే. ఏడో హోల్ సంగతి చివర్లో చెబుతాను.

ఎవరూ చెప్పని నిజం ఒకటి చెప్పాలి. 11 నుంచి 16 దాకా ఆట సముద్రాన్ని వదిలి లోపలికి పోతుంది. మంచి హోల్సే, 14 అయితే ప్రొఫెషనల్స్‌ని కూడా ఏడిపిస్తుంది. కానీ మనం డబ్బు కట్టింది సముద్రానికి కదా! ఆ గంటన్నర సేపు పెళ్ళిలో భోజనాల పిలుపు కోసం కూర్చున్నట్టు ఉంటుంది. 17కి రాగానే మళ్ళీ ప్రాణం లేచొస్తుంది. 1972 యూఎస్ ఓపెన్‌లో నిక్లస్ వన్ ఐరన్ అనే క్లబ్బుతో కొట్టిన బంతి జెండా కర్రకి తగిలింది ఆ గ్రీన్ మీదే. 1982లో టామ్ వాట్సన్ గ్రీన్ పక్క పొడుగు గడ్డిలోంచి చిప్ చేసి (దగ్గర్నుంచి చిన్నగా లేపి కొట్టి) కప్పులో వేసిందీ అక్కడే. వెనక గ్రూపు ఇంకా దూరంగా ఉందని చూసుకుని, నేనూ ఆ గడ్డిలో ఒక బంతి పడేసి చిప్ చేశాను. కప్పుని పదిహేను అడుగులు దాటి పోయింది. అయినా ఆ ఒక్క చిప్ కోసమే వంద డాలర్లు కట్టానని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను.

స్కోరు 112. ఇంటికొచ్చాక మా ఆవిడతో సంభాషణ ఇలా జరిగింది:

"ఎంత కొట్టారు?"

"నూట పన్నెండు."

"ఎక్కువ కొడితే మంచిదా, తక్కువ కొడితే మంచిదా?"

"తక్కువ."

"పోనీలెండి, కట్టిన డబ్బుకి బాగానే కొట్టారు."

తను ఎగతాళికే అన్నా లెక్క నిజమే. 495ని 112తో భాగిస్తే షాటుకి 4 డాలర్ల 42 సెంట్లు. అదే రోజు 72 కొట్టినవాడికి షాటు దాదాపు 7 డాలర్లు పడింది. అన్‌లిమిటెడ్ భోజనం టికెట్టు లాంటిది, ఎక్కువ వడ్డించుకున్నవాడికే గిట్టుబాటు. కాబట్టి మీ హ్యాండిక్యాప్ 24 అని సిగ్గుపడకండి.

2019లో మా బావమరిది వచ్చినప్పుడు మళ్ళీ ఆడాను. ఆట బాగా ఆడాను, 94. కానీ మొదటిసారి ఉన్న దడ లేదు. ఎనిమిదో హోల్ దగ్గర సముద్రం చూడకుండా యార్డేజీ (దూరం లెక్క) చూసుకుంటున్నాను. అప్పటి ఫీజు ఇంకా ఎక్కువ, ఆనందం మాత్రం సగానికి సగం. అందుకే మొదట్లోనే "ఒక్కసారి" అన్నాను.

తువ్వాలు గుర్తున్న కోర్సు

ఇది మరోరకం ఖరీదు. పేరు చెప్పను. ఎడారి రాష్ట్రంలో ఒక రిసార్టు కోర్సు, అప్పట్లో 380 డాలర్లు. ఆఫీసు కాన్ఫరెన్సుకి వెళ్ళినప్పుడు ఒక రోజు మిగిలితే సొంత డబ్బుతో బుక్ చేశాను. కారు దిగగానే ముగ్గురు పరిగెత్తుకొచ్చి బ్యాగు అందుకున్నారు. షూస్ తుడిచారు. కార్టులో పెద్ద స్క్రీన్, ఐస్ పెట్టె, అందులో పుదీనా వాసన వేసే చల్లటి తువ్వాళ్ళు. పెళ్ళివారిలా మర్యాద చేశారు. మొదటి గ్రీన్ ఎక్కి చూద్దును కదా, నేలంతా చిల్లులు! ఆ ముందు వారమే ఎరేషన్ చేశారు. అంటే గ్రీన్ మీద వేలాది చిన్న చిల్లులు పొడిచి, వాటిలో ఇసుక నింపుతారు. వేళ్ళకి గాలి, నీళ్ళు అందడానికి ఏ కోర్సయినా ఏడాదిలో ఒకటి రెండుసార్లు చేయక తప్పదు. మళ్ళీ సాఫీగా అవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అందాకా పట్ కొడితే (గ్రీన్ మీద బంతిని దొర్లిస్తే) బంతి గతుకుల రోడ్డు మీద ఆటోలా ఎగురుతుంది.

బుక్ చేసేటప్పుడు ఒక్క మాట చెప్పలేదు. తిరిగొచ్చి అడిగితే నవ్వుతూనే ఒక బాల్ మార్కరు, ఇంకో నీళ్ళ బాటిలు చేతిలో పెట్టారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఇప్పుడు ఆ కోర్సులో ఒక్క హోల్ కూడా నాకు గుర్తు లేదు. తువ్వాలు గుర్తుంది.

అప్పటి నుంచి, 100 డాలర్లు దాటిన ఏ కోర్సుకైనా డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి రెండే అడుగుతాను. గ్రీన్లకి ఎరేషన్ ఎప్పుడు చేశారు, మళ్ళీ ఎప్పుడు చేస్తారు? ఆ రోజు కార్టుని ఫెయిర్‌వే మీదకి రానిస్తారా, దారి మీదే ఉంచాలా? రెండోది ఎందుకంటే, కార్టు దారి దాటకూడదన్న రోజున ప్రతి షాటుకీ మూడు క్లబ్బులు పట్టుకుని అటూ ఇటూ నడుస్తూ ఐదు గంటలు గడుస్తాయి. అరిజోనా వైపు శరదృతువులో కొత్త గడ్డి విత్తనం చల్లిన కొన్ని వారాలు ఇలాగే ఉంటుంది. అదే స్కాట్స్‌డేల్ కోర్సులు జులైలో చలికాలపు రేటులో చిన్న భాగానికే ఇచ్చేస్తాయి, 40 డిగ్రీలు దాటిన ఎండలో ఎవరూ రారు కాబట్టి. తెల్లవారుజామున ఆరుకి మొదలుపెట్టి పదింటికల్లా ముగించగలిగితే బేరమే. ఎండాకాలంలో రెంటచింతలలో పెరిగినవాణ్ణి, నాకు పర్లేదు. మీ సంగతి మీరు చూసుకోండి.

లాస్ వేగాస్‌లో షాడో క్రీక్ అని ఉంది. చదునైన ఎడారిని తవ్వి గుట్టలు పోసి, ఎక్కడెక్కడి నుంచో చెట్లు తెచ్చి నాటి, 1989లో తెరిచారు. గ్రీన్ ఫీజు వెయ్యి డాలర్లు దాటింది. చాలా బాగుంటుందని ఆడినవాళ్ళు చెప్పారు. నేను ఆడలేదు, ఆడాలనీ లేదు. కళ్ళు మూసుకుంటే నాకు అక్కడ కనిపించేది రసీదు ఒక్కటే.

గొప్ప కోర్సు వేరు, లగ్జరీ కోర్సు వేరు

ఇది నాకు నేర్పింది న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వ పార్కు. లాంగ్ ఐలాండ్‌లో బెత్‌పేజ్ బ్లాక్. 2002, 2009 యూఎస్ ఓపెన్లు, 2025 రైడర్ కప్ జరిగిన చోటు. రాష్ట్రంలో ఉండేవాళ్ళకి 100 డాలర్ల లోపే, బయటివాళ్ళకి అంతకంటే బాగా ఎక్కువ. కార్టులు ఉండవు, ఎవరైనా నడవాల్సిందే. మొదటి టీ దగ్గర బోర్డు ఉంటుంది: ఈ కోర్సు చాలా కష్టం, బాగా ఆడగలిగినవాళ్ళకి మాత్రమే సిఫారసు చేస్తాం అని. అందరూ దాని పక్కన నిలబడి ఫోటో దిగి, సరాసరి వెళ్ళి చావుదెబ్బ తింటారు.

ఎడిసన్‌లో ఉండే మా పెద్దనాన్నగారబ్బాయితో వెళ్ళాను. ముందుగా బుకింగ్ దొరకనివాళ్ళు రాత్రే వచ్చి, నంబర్లు వేసిన పార్కింగ్ చోట్లలో కారు పెట్టుకుని అందులోనే పడుకుంటారు. మేమూ పడుకున్నాం. వదిన కట్టి ఇచ్చిన పులిహోర అర్ధరాత్రి డిక్కీ మీద పెట్టుకుని తింటుంటే పక్క కారులో ఉన్న అగ్నిమాపక ఉద్యోగి వచ్చి రుచి చూసి రెండోసారి పెట్టించుకున్నాడు. తెల్లవారి నాకు 119. కాళ్ళు రెండు రోజులు చెప్పినమాట వినలేదు. తువ్వాళ్ళు లేవు, స్క్రీన్లు లేవు, ఒక్క హోల్ మర్చిపోలేదు.

శాన్‌డియేగో టోరీ పైన్స్ కూడా ఊరి మునిసిపల్ కోర్సే. సౌత్ కోర్సులో 2008లో టైగర్ వుడ్స్ విరిగిన కాలితో యూఎస్ ఓపెన్ గెలిచాడు. అక్కడ స్థానికులకి ఒక రేటు, మనలాంటివాళ్ళకి 200 డాలర్లు దాటిన ఇంకో రేటు. అయినా సముద్రం చూస్తూ ఆడటానికి పెబుల్ తర్వాత నా ఓటు దానికే.

ఇక సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్. స్కాట్లాండ్ వెళ్ళేవాళ్ళు ఎలాగూ అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. సీజన్‌లో 300 పౌండ్లు దాటింది. ముందుగా బుక్ చేసుకోలేకపోతే రెండు రోజుల ముందు లాటరీలో పేరు ఇచ్చుకోవాలి. మాకు మూడో ప్రయత్నంలో తగిలింది. అయితే నాకు బాగా గుర్తున్నది ఆడిన మంగళవారం కాదు, అంతకుముందు ఆదివారం. ఆదివారాలు అక్కడ మామూలుగా ఆట ఉండదు, కోర్సు ఊరివాళ్ళ పార్కు. కుక్కల్ని తిప్పేవాళ్ళు, పిల్లల బళ్ళు తోసుకుంటూ తల్లులు. మా ఆవిడ, మా అమ్మాయి, నేను స్విల్కన్ వంతెన మీద కూర్చుని యాపిల్స్ తిన్నాం. ఖర్చు సున్నా. గోల్ఫ్ అంటే గిట్టని మా అమ్మాయి హెల్ బంకర్ అనే లోతైన ఇసుక గుంటలోకి దిగి ఎక్కలేక నవ్విన వీడియో ఇంకా నా ఫోన్‌లో ఉంది. మంగళవారం ఆట కూడా బాగుంది, కాదనను. కానీ చోటు మాత్రమే కావాలనుకునేవాళ్ళు ముందు ఆదివారం వెళ్ళి చూడండి, తర్వాత 300 పౌండ్ల సంగతి ఆలోచించుకోవచ్చు.

హైదరాబాద్ వెళ్ళినప్పుడల్లా గోల్కొండ దగ్గర ఒక రౌండు ఆడతాను, సభ్యుడైన స్నేహితుడి అతిథిగా. నయా ఖిల్లా గోడలు, బురుజులు, మహా బాబాబ్ చెట్టు. కోట ఆవరణలో గోల్ఫ్ ఏమిటన్న గొడవ వేరే ఉంది, అందులో న్యాయం లేదని నేను అనను. నేను చెప్పదలచింది క్యాడీల గురించి. అక్కడ నాకు దొరికిన క్యాడీ నా మొదటి మూడు షాట్లు చూసి, నాలుగోదానికి నేను అడిగిన క్లబ్బు ఇవ్వలేదు. "అది మీ చేతిలో అంత దూరం పోదు సార్, ఇది తీస్కోండి" అన్నాడు. అతను చెప్పిందే నిజం. ఆరోజు 88 కొట్టాను. పెబుల్‌లో ఏ రిసార్టు మర్యాదా ఇవ్వనిది ఒక మంచి క్యాడీ ఇస్తాడు. అందుకే మీకు నా సలహా, హోటల్ మీద మిగుల్చుకోండి, క్యాడీ మీద మాత్రం మిగుల్చుకోకండి. పెబుల్ గ్రీన్లు చాలా చిన్నవి, సగటున 3,500 చదరపు అడుగులు. వాటి వాలు సముద్రం వైపు లాగుతుందో లేదో కంటితో చూసి చెప్పడం మన వల్ల కాదు. టిప్పుతో కలిపి 200 డాలర్ల పైన అవుతుంది, పెట్టండి.

ఈ మధ్య హైదరాబాద్‌లో "గోల్ఫ్ వ్యూ" అంటూ విల్లాలు అమ్ముతున్నారు కదా. కొన్నవాళ్ళలో ఇద్దరు నాకు తెలుసు. ఇద్దరికీ క్లబ్బు ఎటు పట్టుకోవాలో తెలియదు, కిటికీ తెర కూడా తీయరు. ఖరీదైన కోర్సుల మీద నాకున్న అనుమానంలో సగం వాళ్ళని చూసి వచ్చిందే. "పెబుల్ ఆడాను" అని ఆఫీసులో చెప్పుకోవడానికే అయితే, పక్కనే దుకాణంలో లోగో ఉన్న టోపీ అమ్ముతారు, చవక.

మీరు నిజంగా వెళ్తుంటే

బస వద్దు. శాన్‌హోజే నుంచి గంటన్నర దారి, పొద్దున్నే బయల్దేరవచ్చు. నలుగురూ ఒకే గ్రూపులో ఉండాలన్న పట్టు వదిలేయండి. ఇద్దరిద్దరుగా, 24 గంటల ముందు, వారం మధ్యలో ప్రయత్నిస్తే దొరికే అవకాశం చాలా ఎక్కువ. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రద్దీ తక్కువ, వాన పడే ప్రమాదం మాత్రం ఉంది. గ్రీన్ ఫీజు, క్యాడీ, తిండి కలిపి తలకి వెయ్యి చుట్టుపక్కల తేలుతుంది. రేటు పెరుగుతూనే ఉంటుంది కాబట్టి బుక్ చేసే రోజు చూసుకోండి. నలుగురూ కలిసే ఆడాలి, పుట్టినరోజు కదా అంటే మాత్రం బస తప్పదు. అప్పుడు గదికి ఇద్దరు సర్దుకోండి.

ముందు రోజు పసిఫిక్ గ్రోవ్ ఆడండి. పక్క ఊరి మునిసిపల్ కోర్సు. దాని రెండో తొమ్మిది హోల్స్ గీసింది పెబుల్‌ని గీసిన ఇద్దరిలో ఒకడైన జాక్ నెవిల్. లైట్‌హౌస్ పక్కన ఇసుక దిబ్బల మధ్య, అదే సముద్రం, అదే గాలి. పెబుల్ ఫీజులో ఆరో వంతు కూడా ఉండదు. నిజం చెప్పాలంటే, అది ఆడాక మీలో ఒకరైనా "ఇది చాలు, రేపు నేను రాను" అంటే నేను ఆశ్చర్యపోను.

ఇంటికి దగ్గర్లో గొప్ప గోల్ఫ్ కావాలంటే శాంటా క్రూజ్‌లో పాసటియెంపో. ఆగస్టా నేషనల్ గీసిన ఆలిస్టర్ మెకెంజీదే, 1929లో తెరిచారు, ఆయన చివరిదాకా ఆరో ఫెయిర్‌వే పక్కనే ఉన్నాడు. అదీ చవకేం కాదు. చవకది కావాలంటే, అదే మెకెంజీ గీసిన, పసిఫికా ఊళ్ళో ఉన్న షార్ప్ పార్క్ మునిసిపల్ కోర్సు. గడ్డి అంతంతమాత్రం, రేటు తక్కువ. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండే స్నేహితుడుంటే హార్డింగ్ పార్క్, 2020 పీజీఏ ఛాంపియన్‌షిప్ జరిగిన చోటు, స్థానికుల రేటు చూసి కుళ్ళుకుంటారు.

వెళ్ళే ముందు కొత్త డ్రైవర్ క్లబ్బు కొనకండి, కొత్త షూస్ అసలే వద్దు. ఖరీదైన బంతులు కూడా వద్దు. నేను పద్నాలుగు పోగొట్టుకున్నాను, అవి వాడిన బంతుల సంచీలోవి కాబట్టి ఏడుపు రాలేదు. మీ స్నేహితులు ఎంత ఎగతాళి చేసినా వెనక టీల నుంచి కొట్టకండి, సముద్రం ముందు టీల నుంచి కూడా అంతే కనిపిస్తుంది. ఒక హోల్‌లో పార్‌కి రెట్టింపు దాటితే బంతి జేబులో వేసుకుని తల ఎత్తి చూడండి. రౌండు ఐదు గంటలు దాటుతుంది, సిద్ధంగా ఉండండి.

మీ ఆవిడ మాట. లెక్క ప్రకారం ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఇండియా ప్రయాణం డబ్బూ ఇదీ ఒకే సంచీలోంచి వస్తుంటే ముందు అమ్మానాన్నల దగ్గరికి వెళ్ళండి, పెబుల్ 1919 నుంచి అక్కడే ఉంది. రెండూ వేరు వేరు సంచులైతే ఆవిడనీ తీసుకెళ్ళండి. 17-మైల్ డ్రైవ్ గేటు దగ్గర కారుకి 12 డాలర్ల చిల్లర, లోపల లాడ్జ్ వెనక పద్దెనిమిదో గ్రీన్ పక్కనే కూర్చుని కాఫీ తాగవచ్చు. మీరు ఆఖరి పట్ కొట్టేటప్పుడు చూడటానికి ఒక మనిషి ఉంటారు. 2014లో నాకు ఆ తెలివి లేకపోయింది.

ఏడో హోల్. కాగితం మీద 106 గజాలు, కిందకి. చేతిలో వెడ్జ్ పెట్టుకుని "ఇదేముంది" అనిపిస్తుంది. గాలి లేనప్పుడు నిజంగానే ఏమీ లేదు. 1992 యూఎస్ ఓపెన్ ఆఖరి రోజు గాలిలో టామ్ కైట్ అంతటివాడు కూడా ఆ గ్రీన్ తప్పాడు. అక్కడి నుంచి చిప్ చేసి కప్పులో వేశాడు, ట్రోఫీ గెలిచాడు, అది వేరే విషయం. నా క్యాడీ ఆ రోజు వెడ్జ్ కంటే చాలా దూరం కొట్టే ఎయిట్ ఐరన్ తీసి ఇచ్చాడు. 106 గజాలకి ఎయిట్ ఐరనా అని నవ్వి, నేనే బ్యాగులోంచి వెడ్జ్ లాక్కున్నాను. బంతి పైకి లేచి, గాలిలో ఆగి, వెనక్కి చూసినట్టు చూసి, కుడి పక్క బండల మీద పడింది. అతను ఏమీ అనలేదు. ఎయిట్ ఐరన్ ఇంకా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. మీ క్యాడీ ఏది ఇస్తే అది కొట్టండి.